ఇంగ్లీషు జాతీయాలు: పుట్టుక, వాడుక

విడివిడి పదాల అర్థాలను ఎంత కూడినా తేలని అర్థం గల పదబంధం జాతీయం. సామెత పూర్తి వాక్యంగా నిలిచి లోకానుభవాన్ని చెబుతుంది. జాతీయం వాక్యంలో ఒదిగి క్రియగానో విశేషణంగానో పనిచేస్తుంది. పరభాషా జాతీయం ఎదురైనప్పుడు దాని పుట్టుక తెలిస్తే అర్థం తెలిసినట్టేనన్న నమ్మకం విద్యార్థులలోనూ బోధకులలోనూ బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి మన అలంకారశాస్త్రం ఇచ్చిన సాధనాలు నేటికీ పదునుగానే ఉన్నాయి.

ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థాన్ని గ్రహింపజేసే శక్తి లక్షణ. అందుకు లోకప్రసిద్ధి కారణమైతే అది రూఢి లక్షణ. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో దీనికి కుశల శబ్దాన్ని ఉదాహరించాడు. దర్భలు కోసి తెచ్చేవాడనే వ్యుత్పత్త్యర్థాన్ని వదిలి ఆ పదం నేర్పరి అనే అర్థంలో స్థిరపడిందని ఆయన భావం. 14వ శతాబ్దిలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీన్ని ఒప్పుకోక, పదం పుట్టడానికి నిమిత్తం వేరు, వాడుకలో ప్రవర్తించడానికి నిమిత్తం వేరు కనుక నేర్పరి అన్నదే ముఖ్యార్థమని వాదించాడు. ఇంగ్లీషు జాతీయాల విషయంలో విశ్వనాథుని పక్షమే బలమైనది.

అంతమాత్రాన పుట్టుకను తెలుసుకోవడం వృథా కాదు. తప్పతాగి తూలుతున్నవాణ్ణి ఇంగ్లీషువారు ‘త్రీ షీట్స్ టు ద విండ్’ అంటారు. షీట్ అనగానే దుప్పటో కాగితమో, ఓడల ప్రసక్తి అని తెలిస్తే తెరచాపో స్ఫురిస్తుంది. నిజానికి నావికుల భాషలో షీట్ అంటే తెరచాప కింది మూలకు కట్టి, గాలిని బట్టి బిగించడానికీ సడలించడానికీ వాడే తాడు. ఆ తాడు పట్టు తప్పితే చాప టపటపా కొట్టుకుని ఓడ అదుపు లేక ఊగుతుంది. అలాగే గాలి ఉన్నట్టుండి ముందువైపు నుంచి తాకి తెరచాపలను కొయ్యకు అదిమితే ఓడ నడక ఆగిపోతుంది; నిర్ఘాంతపోయిన మనిషిని ‘టేకెన్ అబ్యాక్’ అనడం అక్కడిదే. ఇటువంటి చోట సంబంధం కళ్లకు కట్టి, జాతీయం మళ్లీ మరుపురాదు.

‘కిక్ ద బకెట్’ సంగతి వేరు. చనిపోవడమనే అర్థంతో ఇది 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ప్రచురించిన మోటుమాటల నిఘంటువులోనే ఉన్నది. ఉరి వేసుకునేవాడు కాలికింది బాల్చీని తన్నేస్తాడని కొందరు, కోసిన పందిని వేలాడదీసే దూలానికి బకెట్ అనే పేరుండేదని మరికొందరు చెప్పారు, ఏదీ తేలలేదు. మూలం తేలకపోయినా అర్థానికి ఏ లోటూ రాలేదు. తెలుగులో ‘బాల్చీ తన్నేశాడు’ అనేవారు ఏ బాల్చీ అని అడగరు, కాని సంతాపసభలో ఆ మాట అనకూడదని అందరికీ తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే: అది చనువుగల చోట, కొంత పరిహాసంగా పలికే మాట. కర్మణి ప్రయోగంలోకి మార్చి బాల్చీ తన్నబడిందంటే చావు మాయమై, ఉత్త బాల్చీ మిగులుతుంది. ఎవరితో, ఏ సందర్భంలో, ఏ రూపంలో అనవచ్చునన్న ఈ ఎరుక జాతీయార్థంలో భాగమే కనుక, అర్థంతోపాటు దీన్ని కూడా చెప్పని నిఘంటువు విద్యార్థికి సగమే సాయపడుతుంది.