పేరు హిమాలయము – పుట్టుక ఆర్మేనియా



“పేరు గంగాభవాని, త్రాగబోయిన నీరు లేదు” అను సామెతకు వృక్షజాతియందును నిదర్శన మొకటి కలదు. అమెరికా పశ్చిమతీరమున కాలిఫోర్నియా మొదలు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు ఏటిగట్లను, బాటల ప్రక్కలను, బీడుభూములను ఆక్రమించిన ముండ్లపొదను అచటివారు “హిమాలయ బ్లాక్‌బెర్రీ” యందురు. హిమాలయమునకును దానికిని పుట్టుసంబంధము లేదు. దాని జన్మభూమి ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతములు. జర్మనుడగు ఫోకె 1874లో దానికి రూబస్ ఆర్మేనియాకస్ అని నామకరణము చేసెను.

మరి హిమాలయ నామ మెట్లు కలిగెను? కాలిఫోర్నియాలోని సాంటా రోజాయందు లూథర్ బర్బాంక్ అను ప్రసిద్ధ ఉద్యానవేత్త యుండెను. 1885లో భారతదేశమునుండి వచ్చిన విత్తనములను నాటి, పండు పెద్దది, తీయనిది, కాపు మెండు అగుట గాంచి, “హిమాలయ జయంట్” అను పేర దానిని ప్రచారములోనికి తెచ్చెను. విత్తనము వచ్చిన త్రోవయే పుట్టినిల్లుగ వ్రాతకెక్కినది.

ఆ పొద వేరు చిరకాలము బ్రదుకును. కొమ్మల కాయువు రెండేండ్లే. మొదటియేడు పెరిగి, రెండవయేడు పూచి కాచి యెండును. విల్లువలె వంగిన కొమ్మ కొన నేలను తాకినచో అచటనే వేరూనును. నరికినను మొదలు మరల చిగిర్చును. పక్షులు పండ్లు తిని విత్తనములను దూరము కొనిపోవును. ఏటిగట్టున నీడనీయవలసిన చెట్లు దాని క్రింద మొలకదశయందే అణగిపోవును. సియాటిల్ నగరమున దీనిని మేపించుటకు మేకలమందలను తోలుటయు కలదు.

ఆ తీరమునకే చెందిన బ్లాక్‌బెర్రీ వేరొకటి కలదు. అది రూబస్ ఉర్సినస్. సన్నని తీగయై నేలబారున ప్రాకును. ఆకునకు మూడు దళములు. పరదేశపు మొక్కకు కాండము లావు; ఆకునకు తరచుగ అయిదు దళములు, అడుగు తెలుపు. ఈ భేద మెరుగక పొదలు పెరుకబూనినవాడు స్వదేశిని నరికి పరదేశిని నిలుపవచ్చును.

అయినను ఆగస్టు మాసమున పిల్లలును పెద్దలును గిన్నెలు చేతబట్టి ఆ పొదలకడ పండ్లు కోసికొందురు. ఆ తీపియు నిజమే, ఆ హానియు నిజమే. బర్బాంకు కోరినది మంచి పండు. కాని తోటకు కంచె గలదు గాని పక్షికి లేదు.

శాస్త్రజ్ఞులు పుట్టుక తేల్చినను జనుల నోట పాతపేరే నిలిచినది. ఒకమారు వ్రాతకెక్కిన తప్పు తరములు గడచినను వదలదు. ఒక పుస్తకములోని మాటను వేరొక పుస్తకముతో సరిచూచుకొను వీలు గ్రామమునకు కలుగజేయుటయే గ్రంథాలయము చేయు మేలు. ఇరువదియైదేండ్లుగ ఈ మేలు చేసిన గ్రంథాలయము శతవత్సరములు వర్ధిల్లుగాక!