బెంగుళూరు నాగరత్నమ్మగారి వంశము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై ఏటేటా పండితులు మాట్లాడుట వాడుక. ఈసారి కార్యదర్శిగారు మమ్ములను నిలబెట్టినారు. మేము చదివినది మెట్రిక్కు, చేయునది రైల్వేలో గుమాస్తా పని. కనుక పాండిత్యము జోలికి పోము. పాత కాగితములు వెదకుట, పేరుకు పేరు సరిచూచుట మాకు అలవాటైన పని. ఆ దారినే బెంగుళూరు నాగరత్నమ్మగారి వంశమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

మన పొన్మలైకి తిరువయ్యారు ఎంతో దూరము కాదు. తంజావూరులో రైలు దిగి బస్సెక్కితే అరగంట. పుష్య బహుళ పంచమికి మనలో చాలమంది త్యాగరాజస్వామి ఆరాధనకు పోయి వచ్చుచున్నారు. స్వామి సన్నిధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీమూర్తిని చూచియుందురు. “ఆమె స్వామివారి భార్యా?” అని ఒక పిల్లవాడు తల్లిని అడుగుట మేము చెవులార విన్నాము. ఆ తల్లి ఏమియు చెప్పలేక బిడ్డను ముందుకు నడిపించినది. స్వామి 1847లో సిద్ధి పొందినారు. ఆమె పుట్టినది 1878లో. మరి ఆమె ఎవరి బిడ్డ? ఎవరి మనుమరాలు?

మనకు తెలిసిన పద్ధతి ఒకటే గదా: ఇంటిపేరు, తండ్రి పేరు, తాత పేరు. ఆ పద్ధతిలో పోతే ఈమె విషయములో మొదటి మెట్టుననే ఆగిపోవలసి వచ్చును. నంజనగూడులో పుట్టినది. తండ్రి సుబ్బారావు అను వకీలు. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టినాడు. అక్కడితో ఆ దారి సరి. తల్లి పుట్టలక్ష్మమ్మ పసిబిడ్డతో మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అను సంస్కృత పండితుని ఆశ్రయించినది. ఆ పిల్లకు ఆయన సంస్కృతము, సంగీతము చెప్పినారు. ఆ ఆశ్రయము కూడ నిలువలేదు. తరువాత ఆదుకొన్నవాడు ఫిడేలు విద్వాంసుడైన మేనమామ వెంకటస్వామప్ప. ఈ కథలో మగవారందరిలో తుదకు నిలిచినవాడు తల్లి వైపు మనిషియే కావడము గమనింపదగినది.

దేవదాసీ కుటుంబములలో వంశము తల్లి నుండి కూతురుకు నడచెడిది. పేరుకు ముందు ఊరి పేరో, తల్లి పేరో ఉండెడిది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరులో ‘ఎం’ మదురై, ‘ఎస్’ ఆమె తల్లి షణ్ముఖవడివు. వీణ ధనమ్మాళ్ ఇంటిలో అవ్వ కామాక్షి, తల్లి సుందరమ్మాళ్, తరువాత ధనమ్మాళ్, ఆమె కూతురు జయమ్మాళ్, మనుమరాలు నాట్యమునకు పేరుపడిన బాలసరస్వతి. ఈ వరుసను ఒక్క మగపేరు లేకుండ గుక్క తిప్పకుండ చెప్పవచ్చును. మన ఇండ్లలో అయిదు తరముల ఆడవారి పేర్లు అట్లు చెప్పగలవారు ఎందరున్నారో చేయి ఎత్తుమని అడుగము, పండుగనాడు ఎవరినీ చిన్నబుచ్చరాదు.

నాగరత్నమ్మగారికి మరియొక వంశము కూడ కలదు. ఆమెకు సంగీతము చెప్పినవారు మునుస్వామప్పగారు. ఆయన గురువు వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్, ఆయన తండ్రియు గురువునైన వేంకటరమణ భాగవతార్ త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యులు. అంటే విద్యలో ఆమె ఆ ఇంటి బిడ్డయే. తిరువయ్యారులో ఆ పిల్లవాడు అడిగినది అంత పెడమాట కాదు, ఆమె ఆ కుటుంబములోని మనిషియే, వరస మాత్రము వేరు. స్వామి సమాధి శిథిలమై యున్నదని విని, 1921లో పని ఆరంభించి, తన ఆర్జనతో గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించినది ఆమెయే. ఆరాధనలో ఆడవారికి పాడుట కూడదన్న రోజులలో 1927 నుండి స్త్రీలను కూర్చుకొని తాను వేరుగా ఆరాధన నడిపినది. 1941లో కక్షలన్నియు ఒకటైనవి. తన ఆస్తిని స్వామికే వ్రాసి, ఆడవారు అక్కడ పాడు హక్కు ఉండవలెనని వీలునామాలో కోరినది.

ఇక అసలు మాట. ఈమె తన వంశమును చెప్పుకొనుటకంటె మరియొకరి వంశమును నిలబెట్టుటకు ఎక్కువ శ్రమ పడినది. తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానములో ముద్దుపళని అను కవయిత్రి యుండెను. 584 గద్యపద్యములతో ‘రాధికాసాంత్వనము’ వ్రాసినది. ఆ పుస్తకమును 1887లో పైడిపాటి వెంకటనరసుగారు అచ్చువేయించినారు. నాగరత్నమ్మగారు దానిని ఎంతో కష్టముమీద సంపాదించి చదివినారు. తరువాత వ్రాతప్రతి ఒకటి చేతికి వచ్చినది. రెండును ప్రక్క ప్రక్కన పెట్టి చూడగా అచ్చుప్రతిలో కొన్ని పద్యములు లేవు. పీఠికయు లేదు. ఆ పీఠికలో ఉన్నదేమి? ముద్దుపళని తన అవ్వ తంజనాయకిని, తనను గూర్చి, కవులందరు చెప్పుకొన్నట్లే చెప్పుకొన్న వంశవర్ణన.

శృంగారమునకు వెరచి పద్యములు తీసివేసినారని అనుకొందము. అవ్వ పేరులో అశ్లీలమేమున్నది?

నాగరత్నమ్మగారు ఆ తీసివేసిన భాగములను చేర్చి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ముద్రణాలయము నుండి పుస్తకమును వెలువరించినారు. కన్నడదేశమున పుట్టి, తెలుగును నేర్చుకొని, తెలుగు పండితులకు తెలుగులోనే పీఠిక వ్రాసినారు. కందుకూరి వీరేశలింగంపంతులుగారు ముద్దుపళనిని నిందించినారు గదా. ఆయనకును వెనుదీయక సమాధానము చెప్పినారు. పంతులుగారియందు మాకు గౌరవము కలదు, స్త్రీవిద్యకు వారు చేసిన సేవ ఎవరు మరతురు? అయినను ఈ వాదములో న్యాయము నాగరత్నమ్మగారి వైపే ఉన్నదని మా అభిప్రాయము. 1911లో ప్రభుత్వము పుస్తకమును నిషేధించి ప్రతులను పట్టించినది. 1946–47లో ప్రకాశంపంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధము తొలగలేదు. అంతవరకు ఆమె బ్రతికియున్నది. 1952 మే 19న కన్నుమూసినది.

రాజాస్థానములో పేరుపడిన కవయిత్రి అవ్వ పేరే ఒక అచ్చుప్రతిలో ఎగిరిపోయినది. మన ముత్తవ్వల మాట చెప్పనేల? 1928లో రైల్వే వర్కుషాపు నాగపట్టణము నుండి పొన్మలైకి మారినప్పుడు సామానుతో, సంసారముతో వచ్చిన ఇండ్లలో మాది ఒకటి. మా ఇంట వంశవృక్షము కలదు. అందులో మగవారి పేర్లు ముత్యములవంటి అక్షరములతో ఉన్నవి, ఆడవారి చోట ‘భార్య’ అని మాత్రమే ఉన్నది. మా ముత్తవ్వ పేరు ఆ వృక్షములో దొరకలేదు; పాత ట్రంకుపెట్టెలో మా ముత్తాతగారి ప్రావిడెంటుఫండు కాగితములో దొరికినది. డబ్బు ఎవరికి చెందవలెనో వ్రాయవలసిన చోట ఆమె పేరు వ్రాయక తప్పలేదు! మీ ఇండ్లలోను పాత కాగితములు పారవేయకుడు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూముల దస్తావేజులు, పెండ్లి శుభలేఖలు చూడుడు. తర్పణములు విడుచు ఇండ్లలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, మూడు తరముల ఆడవారి పేర్లు నోట పలుకుదురు, అవి వ్రాసి పెట్టుకొనుడు. మనుమరాలికి అవ్వ పేరు పెట్టు అలవాటు మనకున్నది కనుక ఒక పేరు దొరికితే దాని వెనుక మరియొకటి దొరకును. అన్నింటికంటె ముందు ఇంటిలోని పెద్దమ్మలను అడుగుడు. తమ పుట్టింటి ఇంటిపేరు, తమ తల్లి పుట్టింటి ఊరు వారికి తెలియును, మనము అడుగలేదు గనుక వారు చెప్పలేదు.

మన సంఘపు కుటుంబ పట్టికలో ఇంతవరకు ఇంటి యజమాని పేరు, స్వస్థలము, ఉద్యోగము అను గళ్ళే ఉన్నవి. తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు అని నాలుగు గళ్ళు చేర్చవలెనని కార్యవర్గమును కోరగా వారు దయతో అంగీకరించినారు. క్రొత్త పత్రములు అచ్చయి వచ్చినవి. భోజనముల పందిరి ప్రక్కనున్న బల్లమీద ఉన్నవి, కలములు కూడ అక్కడనే ఉంచినాము. పెద్దమ్మలను వెంటబెట్టుకొని రండి.