ఐదు వాట్ల రికార్డు రూము

(తాడిపత్రిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో మీకు తెలియనిది కాదు. 1982లో ఆ తేదీన నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారు, తర్వాత రిటైరైనవారు అని పెన్షనర్లను విడదీయరాదని చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని గట్టిగా చెప్పింది. బాగుంది. కాని ఆ హక్కును కౌంటరు దగ్గర నిరూపించేది ఏమిటి? కాగితం. ఆ కాగితాన్ని ఇంట్లో ఎట్లా భద్రపరచుకోవాలి, మనం లేనినాడు అది ఇంటావిడ చేతికి ఎట్లా అందాలి అన్నదే ఈరోజు నా విషయం. అందుకు పనికివచ్చే ఒక చిన్న కంప్యూటరును గురించి, దానిని ఇంట్లో అమర్చుకునే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఫోనులో ఉంటే చాలదా?

మనలో చాలామంది కాగితాలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాం. మంచిదే. కాని ఫోను ఒక మనిషికి చెందిన వస్తువు. నాకు తెలిసిన ఒక మిత్రుడు అట్లాగే అన్నీ ఫోనులో ఉంచుకున్నాడు. ఫోను వేలిముద్రతో తెరుచుకునేది. ఆయన పోయాడు, వేలిముద్ర ఆయనతోపాటే పోయింది. ట్రంకు పెట్టెలోని అసలు కాగితాలు అప్పటికే చెదలపాలు. పి.పి.ఓ. నంబరు తెలియదు, భార్య పుట్టినతేదీ ఎక్కిన కాగితం లేదు. ఆ తల్లి కుటుంబ పెన్షన్ కోసం నెలల తరబడి తిరిగింది. ఏ ఊరు, ఏ ఆఫీసు అని అడగకండి. అటువంటివి మీకందరికీ ఒకటో రెండో తెలిసే ఉంటాయి.

2015లో వచ్చిన డిజిలాకర్ ఉంది కదా అనవచ్చు. దానిని తప్పక వాడుకోండి. ఆధార్ వంటివి అందులోకి నేరుగా వస్తాయి. కాని మన ముప్పై ఏళ్ల సర్వీసులోని ఇంక్రిమెంటు ఉత్తర్వులు, పే ఫిక్సేషన్ కాగితాలు, పి.పి.ఓ. వెనుక పుటలో ఎర్ర సిరాతో రాసిన సవరణలు వాటంతట అవి అక్కడికి రావు. అవి మనం దాచుకుంటేనే ఉంటాయి.

సర్వర్ అంటే ఏమిటి?

ఈ మాట విని భయపడనక్కరలేదు. కచేరీలో రికార్డు రూము ఉండేది. అందులో రికార్డు కీపరు ఉండేవాడు. ఏ సెక్షను నుంచి చీటీ వచ్చినా, ఆ కట్ట విప్పి, కావలసిన ఫైలు తీసి ఇచ్చేవాడు, తిరిగి వస్తే దాని చోట పెట్టేవాడు. సర్వర్ చేసే పని అంతే. ఇంట్లో ఎవరి ఫోను నుంచైనా, ఎవరి ల్యాప్‌టాప్ నుంచైనా అడిగితే దాచిన ఫైలును తీసి ఇస్తుంది. తేడా ఒక్కటే, దీనికి భోజన విరామం లేదు, క్యాజువల్ లీవు లేదు.

దీనికి పెద్ద కంప్యూటరు అక్కరలేదు. సింగిల్ బోర్డు కంప్యూటర్ అని వస్తుంది. కంప్యూటరుకు కావలసిన భాగాలన్నీ ఒకే పలక మీద ఉంటాయి. సైజు పేకముక్కంత. వీటిలో పేరు మోసినది రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ అనే ఆయన, ఆయన మిత్రులు, పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని దీనిని తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. పిల్లల కోసం చేసిన వస్తువు ఇవాళ ఇళ్లలో, ఫ్యాక్టరీలలో కూడా పనిచేస్తున్నది. 2019లో నాలుగో రకం, 2023లో ఐదో రకం వచ్చాయి. మన పనికి నాలుగో రకం, 2 జీబీ మెమరీది చాలు. ధరలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి కాబట్టి నేను అంకె చెప్పను. కొనేముందు రెండు మూడు చోట్ల విచారించండి.

కరెంటు లెక్క

మన పాత టేబులు కంప్యూటరునే సర్వరుగా వాడకూడదా అంటే, వాడవచ్చు. కాని లెక్క చూడండి. సర్వర్ రాత్రింబగళ్లు నడవాలి. పాత టేబులు కంప్యూటరు 80 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు వేస్తే 57 యూనిట్లు దాటుతుంది. స్లాబు మారి బిల్లు ఎక్కడికో పోతుంది. ఈ చిన్న పలక, దానికి తగిలించిన డిస్కు కలిపి, ఖాళీగా ఉన్నప్పుడూ పని ఉన్నప్పుడూ సగటున 5 వాట్లు అనుకుంటే, రోజుకు 120 వాట్-అవర్లు, నెలకు 3.6 యూనిట్లు. మన పాత రకం సీలింగు ఫ్యాను రెండు రోజులు ఆపకుండా తిరిగితే అయ్యే ఖర్చు ఇది.

కరెంటు పోయినా బెంగ లేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే అది ఫ్యాన్లనే మోస్తున్నది, ఈ 5 వాట్లు దానికి బరువు కాదు. ఇన్వర్టరు లేనివారు 5 వోల్టులు ఇచ్చే చిన్న యు.పి.ఎస్. ఒకటి పెట్టుకోవాలి. మన సీమలో వానకు కరువు గాని ఎండకు కరువు లేదు. 50 వాట్ల సోలారు పలక, ఒక చిన్న బ్యాటరీ ఉంటే ఈ యంత్రం మేడ మీది ఎండతోనే నడుస్తుంది.

అమర్చే విధానం

కావలసిన సామాను: బోర్డు ఒకటి, దాని కంపెనీదే 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టరు ఒకటి, 32 జీబీ మైక్రో ఎస్.డి. కార్డు ఒకటి, 500 జీబీ ఎస్.ఎస్.డి. డిస్కు ఒకటి, గాలి ఆడే డబ్బా ఒకటి. అడాప్టరు విషయంలో పొదుపు చేయవద్దు. ఫోను చార్జరు పెడితే వోల్టేజి తగ్గి, పని మధ్యలో ఆగిపోతుంది.

మొదట, ఇంట్లో ఉన్న ఏదో ఒక కంప్యూటరులో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామును దించుకోవాలి. అది కార్డు మీద రాస్ప్‌బెర్రీ పై ఓ.ఎస్.ను రాస్తుంది. ఇది 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కుటుంబానికి చెందినది, రూపాయి ఖర్చు లేదు. బొమ్మలు, మెనూలు లేని ‘లైట్’ రకం ఎంచుకోండి. రాసేముందే యంత్రానికి పేరు, వాడేవారి పేరు, పాస్‌వర్డు, ఎస్.ఎస్.హెచ్. అనే దూరపు ప్రవేశం, ఇవన్నీ అక్కడే నింపవచ్చు. దరఖాస్తు ఫారం నింపినట్టే.

రెండవది, కార్డును బోర్డులో పెట్టి, నెట్ రౌటరుకు తీగతో కలిపి, కరెంటు ఇవ్వాలి. దీనికి టీవీ గాని కీబోర్డు గాని అక్కరలేదు. ల్యాప్‌టాప్ నుంచే దానిలోకి ప్రవేశించి ఆజ్ఞలు ఇవ్వవచ్చు. మొదటి ఆజ్ఞ, ఉన్న ప్రోగ్రాములన్నిటికీ తాజా సవరణలు తెచ్చుకోమని. రౌటరులో ఈ యంత్రానికి ఒక స్థిరమైన అడ్రసు కేటాయించండి. రోజుకొక డోరు నంబరు మారితే పోస్టుమేను ఏం చేస్తాడు?

మూడవది, సాంబా అనే ప్రోగ్రామును ఎక్కించాలి. మన ఫోల్డరును ఇంట్లోని మిగతా కంప్యూటర్లకు, ఫోన్లకు చూపించేది అదే. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి దీనిని మొదలుపెట్టాడు. ఫోల్డరు ఎస్.ఎస్.డి. డిస్కు మీదనే ఉండాలి. ఎస్.డి. కార్డు మాటిమాటికీ రాతకు తట్టుకోలేదు, అది యంత్రం మేలుకోవడానికి మాత్రమే.

ఈ మూడూ చేయడానికి చదువుకునే మనవడికో మనవరాలికో ఒక ఆదివారం చాలు. వాళ్లకు యంత్రం తెలుసు, మనకు ఫైలు తెలుసు. ఇద్దరం కూర్చుంటేనే పని పూర్తవుతుంది.

మన ఊరి ఎండ, దుమ్ము

తాడిపత్రిలో వేసవి ఎట్లా ఉంటుందో, బండల పాలిషింగు దుమ్ము ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఈ బోర్డులోని ముఖ్యమైన చిప్పు 80 డిగ్రీల వేడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల దానిని బీరువాలో మూసిపెట్టవద్దు, వంటింటి పక్కన వద్దు, పడమటి గోడకు వద్దు. నడిమింట్లో నాపబండ అలమర ఉంటే దాని మీద పెట్టండి. చిప్పు మీద వేడిని లాగే చిన్న అల్యూమినియం బిళ్ల అతికించండి. రెండు నెలలకొకసారి కరెంటు తీసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి. ఆపేటప్పుడు ఎప్పుడూ ఆజ్ఞ ఇచ్చి ఆపాలి. స్విచ్చి టక్కున కడితే, రాస్తున్న ఫైలు సగంలో ఆగి చెడిపోతుంది.

ప్రతులు లేని రికార్డు రికార్డు కాదు

ఇది అసలు మాట. సర్వర్ పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. డిస్కు కూడా వస్తువే, ఒకనాడు పోతుంది. కంప్యూటరు పండితులు ఒక సూత్రం చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. మన కచేరీలో ఒరిజినల్, ఆఫీసు కాపీ, డూప్లికేటు అని ఉండేవి కదా, అదే ఇది.

పక్క జిల్లా కడపలో 1820లలో సి.పి. బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలను వెతికించి, ప్రతులు రాయించాడు. ఒక్క తాటాకు మీదే ఉన్న పుస్తకం చెదలకు పోతే పోయినట్టే. ప్రతి ఉన్నది మిగిలింది.

మన ఇంట్లో ఎట్లా? డిస్కు మీద ఒక ప్రతి. ప్రతి రాత్రీ రెండు గంటలకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము, మారిన ఫైళ్లను మాత్రం చూసి రెండో డిస్కు మీదికి ఎక్కించేటట్లు ఏర్పాటు చేయవచ్చు. ఇదీ ఆ ట్రిడ్జెల్ చేతి పనే. మూడో ప్రతిని ఒక పెన్ డ్రైవు మీద ఎక్కించి, వేరే ఇంట్లో ఉన్న కూతురికో కొడుక్కో ఇవ్వండి. ఆరు నెలలకొకసారి దానిని మార్చండి. ఒక జాగ్రత్త: లినక్స్ పద్ధతిలో తయారైన డిస్కును మామూలు విండోస్ కంప్యూటరు నేరుగా చదవలేదు. కాబట్టి ఆ పెన్ డ్రైవు మాత్రం ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉండాలి. మన యంత్రం చెడినా, అమర్చిన మనవడు ఊళ్లో లేకపోయినా, ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా అది తెరుచుకోవాలి. సంవత్సరానికొకసారి నిజంగా తెరిచి చూడండి. తెరిచి చూడని ప్రతిని నమ్మకూడదు.

అసలు కాగితాలను మాత్రం పారవేయవద్దు. కంప్యూటరులో ఉన్నది నకలు. అసలు పోయినప్పుడు నంబరు, తేదీ చెప్పి డూప్లికేటు అడగడానికి నకలు పనికివస్తుంది.

తాళం

నెట్ సెంటరులో కాగితం స్కాన్ చేయించి, అక్కడి కంప్యూటరులోనే వదిలేసి వస్తున్నాం. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ ఒకేచోట దొరికితే మోసగాడికి ఇంకేం కావాలి? లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి ఓ.టి.పి. అడిగే ఫోన్లు మనకే ఎక్కువ వస్తున్నాయి. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ మంచి సౌకర్యమే గాని, దాని కోసం ఫోను చేసి ఓ.టి.పి. అడిగేవాడు మాత్రం మనవాడు కాడు.

మన సర్వరును కూడా ఇంటి గడప లోపలే ఉంచండి. బయటినుంచి చూడటానికని రౌటరులో తలుపులు తెరవవద్దు. అమెరికాలో ఉన్న కొడుకు చూడాలంటే వి.పి.ఎన్. అనే రహస్య దారి ఉంది, తెలిసినవారితో వేయించుకోవాలి. పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి. పుట్టినతేదీ పెట్టవద్దు, మన పుట్టినతేదీ ప్రతి దరఖాస్తులోనూ ఉంది.

జాబితా, తెలిసిన రెండో మనిషి

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మేము రికార్డులను ఊళ్లవారీగా విడదీశాం. జాబితా ఉన్న కట్ట గంటలో కొత్త ఆఫీసుకు చేరింది. జాబితా లేని కట్టకు రోజులు పట్టింది. ఆ పాఠం ఇక్కడా పనికివస్తుంది.

ఫోల్డర్లు ఆరు చాలు: పెన్షన్, సర్వీసు, బ్యాంకు, ఆస్తి, వైద్యం, ఫొటోలు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత విషయం రాయండి. అవే వరుసలో నిలబడతాయి. పి.పి.ఓ.ను రెండు వైపులా స్కాన్ చేయండి. భార్య పేరు, పుట్టినతేదీ పి.పి.ఓ.లో, ఆధార్‌లో, బ్యాంకులో ఒకేలా ఉన్నాయా చూడండి. కుటుంబ పెన్షన్‌కు, వయసు పెరిగాక వచ్చే అదనపు పెన్షన్‌కు ఈ తేదీయే ఆధారం. తేడా ఉంటే మనం ఉండగానే సరిచేయించాలి. మనం పోయాక ఆ భారం ఆమె మీద పడుతుంది.

చివరగా, ఒక తెల్లకాగితం మీద మన తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి: యంత్రం ఎక్కడ ఉంది, ఎట్లా తెరవాలి, పాస్‌వర్డు ఏమిటి, పెన్ డ్రైవు ఎవరి దగ్గర ఉంది, మొదట ఎవరికి ఫోను చేయాలి. కవరులో పెట్టి, బంగారం పెట్టే చోట ఇంటావిడ చేతనే పెట్టించండి. తర్వాత ఆమెను కూర్చోబెట్టి, మీరు ముట్టుకోకుండా, పి.పి.ఓ.ను ఆమె ఫోనులో ఆమె చేతనే తెరిపించండి. ఆమె తెరవగలిగితే మీ సర్వర్ పనిచేస్తున్నట్టు. తెరవలేకపోతే, ఎన్ని దీపాలు వెలుగుతున్నా, ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

యంత్రం కొనలేనివారు విచారించవద్దు. ఆరు ఫోల్డర్లు, రెండు పెన్ డ్రైవులు, ఒక కవరుతో ఈరోజే మొదలుపెట్టవచ్చు. యంత్రం తర్వాత రావచ్చు. ఇంటికి వెళ్లగానే పి.పి.ఓ. ఎక్కడుందో తీసి చూడండి, ఇంటావిడకు చూపించండి.



— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, తాడిపత్రి