కొయ్య ప్రొపెల్లరు - తూకము



కావడి మోయువాడు రెండు కుండలలోను నీరు సమముగా నింపుకొనును. ఒకదానిలో చెంబెడు తక్కువైనచో కావడిబద్దను నాలుగు వ్రేళ్ళు ప్రక్కకు జరిపి నడచిపోవును. నడచువానికి ఆ సర్దుబాటు చాలును. అదే కావడి నిమిషమునకు 6000 మారులు గిరగిర తిరుగవలసి వచ్చినచో చెంబెడు నీటి మాట యటుంచి గురిగింజ యెత్తు తేడాయైనను సహింపరానిదగును. విమానమునకు ముందు తిరుగు కొయ్య ప్రొపెల్లరు సరిగా నిట్టి కావడియే. దాని తూకము సరిచేయుటయే యీనాటి ప్రసంగ విషయము.

భారీ నమూనా విమానములనగా బాలురు రబ్బరు పట్టీ మెలిపెట్టి వదలు ఆటవస్తువులు కావు. ఒంటి వరుస రెక్కల విమానమైనచో ఈ కొననుండి ఆ కొనకు 80 అంగుళములు, జంట వరుసలదైనచో 60 అంగుళములు గలవానిని ఈ విద్యయందు ఆసక్తి గలవారు భారీ నమూనాలని వ్యవహరింతురు. వీనికి చెట్లు కోయు యంత్రములలోని వాని వంటి చిన్న పెట్రోలు ఇంజనులుండును. ఇరువది అంగుళములకు మించిన ప్రొపెల్లరులుండును. 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ అను జంటరెక్కల శిక్షణ విమానము వెడల్పు 29 అడుగుల 4 అంగుళములు. దానిని నాలుగవ వంతునకు కుదించినను 88 అంగుళములగును. హైదరాబాదు నగరమునకు ఆ విమానము పరాయిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బేగంపేటలోని ప్రాథమిక శిక్షణ పాఠశాలలో వైమానిక దళమున చేరబోవు యువకులు టైగర్ మాత్‌పై తొలి పాఠములు నేర్చిరి. దాని ముందుండినది రెండు రెక్కల కొయ్య ప్రొపెల్లరే. మెకానిక్కు చేతితో దానిని త్రిప్పి ఇంజనును మేల్కొలుపుచుండెను. ప్రయాణికుల విమానములు 2008లో శంషాబాదునకు తరలిపోయినను బేగంపేటకు ఆ వైభవము పూర్తిగా తప్పలేదు. 2024 జనవరిలో అచ్చట జరిగిన వింగ్స్ ఇండియా వంటి ప్రదర్శనలను చూచి వచ్చిన యువకులలో ఏ కొందరికో తామును ఒక విమానము కట్టవలెనను కోరిక పుట్టుట సహజమే.

అట్టి యువకుడు అశోక్ నగర్‌లో ఒక మేడమీది గదిలో నుండుననుకొనుడు. అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములు ప్రధానముగా పోటీ పరీక్షలకు చదువు విద్యార్థుల నెలవులు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున చోటు దొరకుటయే గొప్ప. ఆ యిరుకు గదిలో ఇంజను నడుపుటకు వీలులేదు, నడుపనురాదు. కాని ప్రొపెల్లరు తూకము చూచుటకు ఒక బల్ల, ఒక దీపము, ఇంచుక ఓర్పు ఉన్న చాలును. తలుపులు మూయవలెను, పైన తిరుగు పంకా నాపవలెను. ఊపిరి గాలి తగిలినను రెక్క కదలును. ఇరుకు గది యీ పనికి అనుకూలమే యని చెప్పవచ్చును.

తేడా వలన కలుగు చెరుపు ఎంతటిదో లెక్కకట్టి చూచిన గాని నమ్మశక్యము కాదు. సుమారు 24 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 6000 చుట్లు, అనగా సెకనుకు 100 చుట్లు తిరుగునపుడు రెక్క కొన గంటకు ఇంచుమించు 680 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఆ కొనవద్ద ఒక్క గ్రాము బరువు అధికముగా నున్నచో, అది ఇరుసును సుమారు 12 కిలోల బరువుతో బయటికి లాగును. గురిగింజ యెత్తు, అనగా సుమారు 0.12 గ్రాము అధికమైనను, ఆ లాగుడు కిలోన్నరకు దగ్గరపడును. పైగా అది ఒకే దిక్కునకు లాగునది కాదు. సెకనుకు నూరు మారులు దిక్కు మార్చుచు లాగును. దానిచే ఇంజను బేరింగులు అరుగును, మరలు వదులగును, జిగురు అతుకులు విడును, పెట్రోలు టాంకిలో నురుగు కట్టి ఇంజనుకు సక్రమముగా అందదు. ఆకాశమున రేడియో పరికరపు తీగ యూడినచో విమానము నడుపువాని చేయి దాటిపోవును. క్రింద నిలిచి చూచువారికి ఆ విమానము బరువుగల రాయి వంటిదే.

కొయ్య సమముగా నుండకపోవుటకు కారణము వడ్రంగి యెరుగనిది కాదు. ఒకే దూలమున ఒక కొన చేవ దేరి బరువుగా నుండును, మరియొక కొన తేలికగా నుండును. అందుచేతనే మంచి ప్రొపెల్లరులను పలుచని పలకలను జిగురుతో అతికించి చేయుట గలదు. ఒక పలకలోని బరువు కొనకు మరియొక పలకలోని తేలిక కొన చేరి లోపము కొంత తీరును. రైటు సోదరులు 1903లో ఎగురవేసిన విమానపు రెండు ప్రొపెల్లరులును స్ప్రూస్ కొయ్య పలకల అతుకుతో చేసినవే. ఒక్కొక్కటి 8 అడుగుల 6 అంగుళములు. ప్రొపెల్లరనగా గుండ్రముగా తిరుగు విమానపు రెక్కయే యని గ్రహించి లెక్కగట్టుట వారి ఘనత. నమూనా విమానములకు బీచ్, మేపుల్ వంటి గట్టి కొయ్యలు వాడుదురు. కర్మాగారమునుండి వచ్చినదైనను తూకము సరిగానే యుండునని నమ్మరాదు.

ఇక పని. ప్రొపెల్లరు నడిమి బెజ్జమున సరిగా పట్టునట్టి నున్నని ఉక్కు ఇరుసును దూర్చి, ఆ ఇరుసును రెండు పదునైన అంచులపై నిలుపవలెను. ఆ అంచులు రసమట్టముతో చూచి సమముగా నుంచవలెను. ఇది తప్పినచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము. అయస్కాంతములతో ఇరుసును నిలుపు సాధనములును దొరకును. ప్రొపెల్లరును అడ్డముగా నిలిపి మెల్లగా చేయి విడువవలెను. బరువైన రెక్క క్రిందికి దిగును. దానిపై పెన్సిలుతో గుర్తుపెట్టి, ఇరుసును కదపక ప్రొపెల్లరును మాత్రము దానిపై సగము చుట్టు త్రిప్పి మరల చూడవలెను. గుర్తుగల రెక్కయే దిగిన దోషము ప్రొపెల్లరుది; రెండవది దిగిన దోషము ఇరుసుది. తొందరపాటుగలవారు ఈ రెండవ పరీక్ష మాని, ఇరుసు తప్పునకు మంచి రెక్కను గీకి పాడుచేయుదురు.

సాధనము ఎంత సూక్ష్మముగా తూచునో కూడ పరీక్షింపవచ్చును. చదరపు మీటరుకు 75 గ్రాములు తూగు సామాన్యమైన వ్రాత కాగితమునుండి రెండు సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించిన అది 0.03 గ్రాము తూగును. దానిని సమముగా నిలిచిన ప్రొపెల్లరు కొనపై నుంచినపుడు రెక్క కదలినచో సాధనము నమ్మదగినది. కదలనిచో ఇరుసువద్ద రాపిడి యున్నదని గ్రహింపవలెను.

సరిదిద్దుటలో రెండు మార్గములు గలవు: బరువైన రెక్కను గరుకు కాగితముతో రుద్దుట, లేక తేలిక రెక్కకు వార్నిషు పూయుట. తేడా స్వల్పమైనచో వార్నిషే మేలు. రుద్దిన కొయ్య తిరిగి రాదు గదా! కొనకు చేరువగా పూసినచో తక్కువ వార్నిషు చాలును, ఏలయన నడుమనుండి దూరమెంత పెరిగిన బరువు ప్రభావమంత పెరుగును. రుద్దవలసి వచ్చినచో రెక్క ముందరి అంచు జోలికి పోరాదు. ఆ వంపు మారినచో తూకము కుదిరినను గాలిని కోయుటలో రెండు రెక్కలకు భేదమేర్పడి, వణకు వేరొక దారిన తిరిగి వచ్చును. విశాలమైన భాగమున కొలదికొలదిగా, పలుమారులు చూచుచు రుద్దవలెను. రుద్దిన చోట కొయ్య నోరు తెరచుకొనియుండును గనుక అచ్చట మరల వార్నిషు పూసి, ఆరిన పిమ్మట మరియొకమారు తూకము చూడవలెను. తడి వార్నిషు ఆరునపుడు బరువు తగ్గును.

రెక్కలు అడ్డముగా నిలిచిన వెంటనే పని పూర్తియైనదని పలువురు భ్రమింతురు. నిలువుగా నిలిపి చూచినపుడు ప్రొపెల్లరు కుడికో ఎడమకో వాలినచో, చక్రనాభి వంటి నడిమి భాగమున ఒక ప్రక్క బరువున్నదన్నమాట. చిన్న ప్రొపెల్లరులలో దీనిని ఉపేక్షింతురు. పెద్దవానిలో నాభియు పెద్దదే గనుక ఉపేక్షింపరాదు. తేలికగా నున్న ప్రక్కను గట్టిపడు జిగురును పలుచగా పూయుట మంచిది. కొందరు నాభికి బెజ్జము వేసి సీసపు గుండు దూర్తురు. మరలు పట్టు బెజ్జములు ముందే యున్న చోట మరియొక బెజ్జము వేయుట కొయ్య బలమును తీయుటయే. చివరకు ప్రొపెల్లరును ఏ స్థితిలో విడిచినను ఆ స్థితిలోనే నిలువవలెను.

హైదరాబాదు ఋతువులు ఈ పనికి కఠిన పరీక్ష పెట్టును. వైశాఖపు ఎండలో కొయ్య ఎండి ముడుచుకొనును. శ్రావణమున తేమ పీల్చి ఉబ్బును. రెండు రెక్కలును సమముగా పీల్చునను నియమము లేదు. వేసవిలో కుదిరిన తూకము వానలలో తప్పుట అందుచేతనే. నాభి ముడుచుకొన్నపుడు బిగించిన మరలు వదులగుటయు గలదు. కొయ్య ప్రొపెల్లరు గల నిజమైన విమానమును నిలుపునపుడు రెక్కలను అడ్డముగా నుంచు ఆచారమున్నది. నిలువుగా నుంచినచో తేమ క్రింది రెక్కకు చేరునని భయము. విడిగా భద్రపరచునపుడు సైతము ప్రొపెల్లరును గోడకు చేరవేయక పడుకోబెట్టుటయే యుచితము.

చీలిన ప్రొపెల్లరునకు తూకము లేదు. వెండ్రుకవాసి చీలికను జిగురుతో పూడ్చి రంగు వేసిన కంటికి కనబడదు, త్రాసు కూడ పట్టదు, ఇంజను పట్టును. వేలకు వేలు పోసి కొన్నదానిని పారవేయుటకు మనసొప్పదు నిజమే. కాని మరియొకరు పొరపాటున వాడకుండ దానిని రెండుగా కోసి పారవేయుటయే ఉత్తమము. ఇంజను నడుచునపుడు రెక్కలు తిరుగు తలమునకు సూటిగా ఎవ్వరును నిలువరాదు, పిల్లలను మొదట దూరము పంపవలెను. 2021 నాటి డ్రోను నియమములు 25 కిలోలకు మించని నమూనాలను వినోదమునకు, విద్యకు, కంటిచూపు మేరలోనే ఎగురవేయుటను గుర్తించుచున్నవి. ఎరుపు మండలమున కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేక ఎగురవేయరాదు గనుక, విమానాశ్రయములు గల నగరమున వసించువాడు ముందుగా పటము చూచుకొని, ఊరి వెలుపల తగిన మైదానము వెదకుకొనవలెను.

ఇంజనుకు బిగించిన పిమ్మట చూడవలసినది ఇంకొకటి గలదు. ఇంజను పొరపాటున నంటుకొనకుండ మీట నాపి, స్పార్కు ప్లగ్గు తీగ యూడదీసి, ఒక రెక్క కొనకు తగులీ తగలనట్లు ఒక పుల్లను నేలపై కదలకుండ నాటవలెను. చేతితో మెల్లగా సగము చుట్టు త్రిప్పినపుడు రెండవ కొనయు ఆ పుల్లకు అంతే దూరమున పోవలెను. తేడా కనబడినచో మరలు విప్పి, నాభి వెనుక అంటిన దుమ్మును, వార్నిషు బొట్టును తుడిచి, ఎదురెదురు మరలను కొంచెము కొంచెముగా బిగించి మరల చూడవలెను. పుల్ల పరీక్షలో నిలిచినదానినే మైదానమునకు తీసికొనిపోవలెను.