కొండనాలుకకు మందు

గుండె ఒక్క క్షణము తప్పి కొట్టుకొన్నదని తోచినచో ఎంతటి ధీరునికైనను ముచ్చెమటలు పోయును. బిడ్డకు మాటిమాటికి గొంతు వాచి జ్వరము వచ్చుచుండినచో తల్లికి కంటిమీద కునుకుండదు. రెండు సందర్భములందును ఇంటివారు వైద్యుని వేడుకొనునది ఒక్కటే, ఏదైన చేయుడని. అట్లు చేసినది రోగికి నిజముగా మేలైనదా యని నిదానించి లెక్క చూచినవారి కథను నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి. మేము వైద్యులము కాము. ఇందు మందుచీటీ లేవియు నుండవు.

ముందు గొంతు సంగతి. నోరు తెరచి అద్దమున చూచుకొన్నచో కొండనాలుకకు ఇరుప్రక్కల రెండు చిన్న కండలు కనబడును. టాన్సిల్సు అనునవి ఇవియే. గత శతాబ్ది పూర్వార్ధమున పాశ్చాత్య దేశములలో వీనిని కోసివేయుట బాల్యమున తప్పని తంతులలో నొకటియో యన్నంత వాడుక యయ్యెను. న్యూయార్కు పాఠశాలలలో పదునొకండేండ్ల పిల్లలను వేయిమందిని పరీక్షింపజేసి అమెరికా శిశు ఆరోగ్య సంఘమువారు 1934లో ఒక నివేదిక ప్రకటించిరి. అప్పటికే 611 మందికి టాన్సిల్సు తీసివేసియుండిరి. తక్కిన 389 మందిని వైద్యులు చూచి 174 మందికి కోత వలెననిరి. అక్కరలేదనిపించుకొన్న 215 మందిని వేరు వైద్యులకు చూపగా వారు 99 మందిని ఎన్నుకొనిరి. మిగిలిన 116 మందిని మరల చూపగా 51 మందికి కత్తి తప్పదనిరి. కడకు మిగిలినవారు 65 మంది! ఎదుటనున్న గొంతు ఎట్టిదైనను, సగమునకు కొంచెము తక్కువగా కోతకు వ్రాయుట ఆ చేతులకు అలవాటై యుండెను.

ఈ అలవాటునకు ఒక కొలబద్దను పిట్స్‌బర్గు బాలల వైద్యశాలకు చెందిన జాక్ పారడైజ్ అను వైద్యుడును ఆయన సహచరులును 1984లో చూపిరి. ఒక్క యేట ఏడు మారులు గాని, రెండేండ్లు ఏటికి అయిదేసి మారులు గాని, మూడేండ్లు ఏటికి మూడేసి మారులు గాని గొంతు చెడిన పిల్లలనే వారు తీసికొనిరి. శస్త్రచికిత్స జరిగినవారికి తరువాతి రెండేండ్లు బాధ తగ్గెను. జరుగనివారిలో సయితము పెక్కుమందికి బాధ తనంతట తానే నెమ్మదించెను. ఇంతకన్న తక్కువ బాధ గల పిల్లలకు కోత వలని స్వల్పలాభము దాని కష్టనష్టములకు తగినది కాదని 2002లో ఆ బృందమే తేల్చెను. నిద్రలో ఊపిరి ఆగుచుండు పిల్లల సంగతి మాత్రము వేరు. వారిలో అనేకులకు టాన్సిల్సు తీయుట వలన నిద్రయు నడవడియు మెరుగుపడునని 2013లో మరియొక పరిశోధన చూపెను.

ఇక గుండె. కుడి కర్ణికలోని చిన్న కణజాల మొకటి, మనము ఊరక కూర్చున్నప్పుడు నిమిషమునకు 60 మొదలు 100 వరకు తాళము వేయుచుండును. ఒక్కొక్కప్పుడు క్రింది గదియగు జఠరిక ఆ తాళమునకు ఆగక ముందే ఒక దెబ్బ కొట్టును. ఆరోగ్యవంతులలో ఇది సాధారణముగా హాని లేనిదే. గుండెపోటు నుండి తేరుకొన్నవారిలో ఇట్టి దెబ్బలు హెచ్చుగా నున్నచో హఠాన్మరణపు భయము హెచ్చు. కావున వానిని అణచినచో ప్రాణము నిలుచునని వైద్యలోకము నమ్మెను. ఎన్‌కెయినైడు, ఫ్లెకెయినైడు అను మందులు వానిని చక్కగా అణచెను. కాగితముపై గుండె గీత ముత్యాలకోవ వలె వచ్చెను.

అమెరికా ప్రభుత్వపు హృదయ సంస్థ పూనికతో 1980 దశకపు చివర ఒక పరీక్ష జరిగెను. మందునకు లొంగిన రోగులనే ఏరి, చీట్లు వేసినట్లు పంచి, 755 మందికి ఈ మందులలో నొకటియు, 743 మందికి అదే రూపు గల ఉత్త బిళ్ళయు ఇచ్చిరి. ఎవరికేది వచ్చినదో రోగికిని తెలియదు, చూచు వైద్యునికిని తెలియదు. సగటున పది నెలలు గడచునప్పటికి ఉత్త బిళ్ళ మ్రింగినవారిలో 26 మంది మరణించిరి. మందు మ్రింగినవారిలో 63 మంది. 1989 ఏప్రిలులో ఈ రెండు మందులను ఆ పరీక్షలో నిలిపివేసిరి. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదను సామెత ఇంత కఠినముగా నిజమగుట అరుదు. ఏ ఒక్క వైద్యుడును తన అనుభవముతో దీనిని కనిపెట్టజాలడు. రోగి పోయినచో రోగము వలన పోయెననుకొనును. బ్రదికినచో మందు మహిమ యనుకొనును. అన్నట్లు ఫ్లెకెయినైడు నేటికిని వాడుకలో నున్నది. గుండె కండరము చెడనివారికి కొన్ని లయదోషములలో అది పనికివచ్చును.

గొంతునకును గుండెకును మన దేశమున మరియొక చుట్టరికము కలదు. స్ట్రెప్టోకాకస్ క్రిమి వలని గొంతువాపునకు పెన్సిలిన్ వంటి మందు సకాలమున పడనిచో కొందరు బాలలకు రుమాటిక్ జ్వరము వచ్చి గుండె కవాటము చెడును. ఏండ్లు గడచిన పిదప కర్ణిక సాగి, లయ తప్పి, వణకసాగును. అందు నిలిచిన రక్తము గడ్డకట్టి మెదడునకు పోయినచో పక్షవాతమే. గడ్డ కట్టకుండుటకు పాత మందు వార్‌ఫరిన్ కలదు. క్రొత్తదియగు రివరోక్సబాన్‌కు మాటిమాటికి రక్తపరీక్షల శ్రమ లేదు కావున, అది పాతదానికి తీసిపోకున్న చాలునని తలచి, మన దేశముతో సహా 24 దేశములలో పరీక్షించి 2022లో ఫలితము ప్రకటించిరి. రోగులలో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలు. పక్షవాతము, మరణము మొదలగు ఆపదలు క్రొత్త మందు వాడిన 2,275 మందిలో 560 మందికిని, వార్‌ఫరిన్ తరగతి మందులు వాడిన 2,256 మందిలో 446 మందికిని కలిగెను. పాత మందు వలన రక్తస్రావము హెచ్చుగా నుండునన్న భయమును నిలువలేదు.

కాని ఆ పాత మందు మ్రింగు ఇల్లాలు మోతాదు సరిచూపించుకొనుటకు తరచు రక్తపరీక్షకు పోవుచుండవలెను. పాలకూర, తోటకూర వంటివి ఒకవారము విస్తారముగను మరువారము బొత్తిగ లేకయు గాక, ఇంచుమించు ఒకే పాళముగా తినవలెను.