చేతితో నడపెడు కథ



మన ఆలంకారికులు కావ్యమును శ్రవ్యమనియు దృశ్యమనియు రెండుగా విభజించిరి. ఈ రెండింట నిమడని మూడవది యొకటి మన మనుమల చేతులలో నున్నది. దానిని వీడియో గేమ్ అందురు. పెద్దలు పలువురు దానిని వట్టి కాలక్షేపమని త్రోసివేయుదురు. నాకా తీర్పు సమ్మతము కాదు. కారణము చెప్పుటకు ఒక్క కథ చాలును.

దాని పేరు ‘ది లాస్ట్ ఆఫ్ అస్’. అమెరికాలో కాలిఫోర్నియా యందలి నాటీ డాగ్ అను సంస్థవారు 2013 జూన్‌లో దీనిని ఆటగా వెలువరించిరి. కథకుడు నీల్ డ్రక్‌మన్. ఆతడే క్రెయిగ్ మేజిన్ అను రచయితతో కూడి, 2023 జనవరి మొదలు హెచ్.బి.ఓ. టెలివిజన్‌లో దీనిని తొమ్మిది భాగముల నాటకముగా చూపెను.

ఉష్ణదేశపు టడవులలో చీమలను పట్టు బూజుజాతి యొకటి నిజముగనే కలదు. అది చీమ యొడలిలో పెరిగి, నడకను తన వశము చేసికొని, ఆకును కరచి పట్టుకొనునట్లు చేసి చంపును. పిమ్మట తల వెనుకనుండి కాడ మొలిచి రేణువులను చల్లును. మనుష్యులకిది సోకదు, ఆ భయము మీకు వలదు. సోకినచో నేమగునన్న ఊహయే ఈ కథకు బీజము.

జోయెల్ టెక్సాస్ రాష్ట్రమువాడు. తెగులు చెలరేగిన తొలి రాత్రియే సైనికుని తుపాకికి ఆతని కూతురు బలియయ్యెను. ఇరువది యేండ్లకు, గుండె బండబారిన ఆతనికి ఎల్లీ యను పదునాలుగేండ్ల బాలికను దేశము దాటించు పని తగిలెను. తెగులు కరచియు ఆమెను చంపలేదు. దారి పొడవున ఆ పిల్ల ఆతనికి కూతురయ్యెను. తుదకు సాల్ట్ లేక్ నగరపు ఆసుపత్రిలో వైద్యులు, ఈమె మెదడును కోసినగాని మందు దొరకదనిరి. కోసిన బ్రదుకదు. జోయెల్ అడ్డువచ్చినవారిని చంపి ఆమెను ఎత్తుకొనిపోయెను.

కులముకొరకు ఒకనిని విడువవచ్చునని మన నీతిశాస్త్రము చెప్పునుగదా యందురేమో. నిజమే. కాని శిబి తన మాంసము కోసియిచ్చెనేగాని పొరుగువాని తొడను కోయలేదు. ఆ బాలికను అడిగినవారెవరు? వైద్యులడుగలేదు, జోయెలూ అడుగలేదు. 2020లో వెలువడిన రెండవ ఆటలో, అచ్చట తన చావునకొక యర్థముండెడిదని ఆమె ఆతనిని నిలదీయును.

నాటకమున ఆ ఘట్టమును నేను చూచితిని. తుపాకి మ్రోతలు తగ్గి విషాదసంగీతము వినవచ్చును. మనము కుర్చీలో న్యాయాధిపతులవలె కూర్చుందుము. జోయెల్ దోషియని నేను తీర్పు చెప్పితిని. ఆటలో నట్లు కుదరదు. కత్తి పట్టిన వైద్యుడు ఎదుట నిలుచును. వానిని చంపక కథ సాగదు. మా మనుమడు అచ్చట పరికరమును క్రింద పెట్టి చాలసేపు కూర్చుండెనట. “తరువాత నేమి చేసితివిరా?” అని అడిగితిని. “చంపితిని తాతయ్యా. ఆమెను విడిచి రాలేకపోతిని” అనెను. కంటితో చూచిన నాకు తీర్పు సులభమైనది, చేతితో చేసిన వానికి కాలేదు.

నాటకము తక్కువదని చెప్పను. ఆటలో ఒక శవమును, ఒక యుత్తరమును మాత్రమే మిగిల్చిన బిల్, ఫ్రాంక్ అను ఇద్దరు పురుషుల ప్రేమకథను, మూడవ భాగమున వార్ధక్యమువరకు నిండు సంసారముగా విప్పి చూపినది. అది ఆటవలన కాలేదు. ఇక ఆటలో రక్తపాతము మెండు. పదునేడేండ్లు నిండనివారికి తగదని అమెరికాలోనే ముద్ర వేసిరి. ఇంటిలో పసివారున్నచో ఆ ముద్రను చూడుడు.

చివర ఎల్లీ నిజము చెప్పుమని ప్రమాణమడుగును. జోయెల్ ప్రమాణము చేసి బొంకును. ఆమె ఆతని ముఖమును కొంతసేపు చూచి, సరేయని యూరకుండును. ఆ కడపటి నడకలో ఆడువానికి నడుపుటకిచ్చునది జోయెల్‌ను గాదు, మోసపోవుచున్న ఆ బాలికను.