చదరంగపు గడులలోని మహాసంఖ్య

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



చదరంగపు బల్లమీది మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు చొప్పున రెట్టించుచు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తమెన్ని గింజలగును? ఈ ప్రశ్న పిల్లల వినోదమువలె తోచును. సమాధానము మాత్రము ఇరువది అంకెల సంఖ్య: 18446744073709551615.

ఈ సంఖ్య తెలుగువారికి క్రొత్తది కాదు. జైన గణితవేత్త మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన దీనిని ఒక్క పద్యమున బంధించెను. శరమనగా అయిదు, చంద్రుడనగా ఒకటి, గగనమనగా సున్న, వేదమనగా నాలుగు, గిరియనగా ఏడు. ఇట్టి మాటలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చుకొనుచు పోయినచో సంఖ్య సిద్ధించును. అంకెలు వ్రాయుటలో లేఖకుడు పొరపడవచ్చును. పద్యమున ఒక మాట జారినచో ఛందస్సే ఆ తప్పును పట్టియిచ్చును.

కూడుటకు సులభోపాయము కలదు. మొదటి మూడు గడుల మొత్తము 7. నాల్గవ గడిలోనివి 8. ఎచ్చట ఆగినను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువ. కావున లేని అరువదియైదవ గడిని ఊహించి, అందుండి ఒకటి తీసివేసిన చాలును.

సరిచూచుటకును మార్గమున్నది. గడులలోని సంఖ్యలను తొమ్మిదిచే భాగించిన శేషములు 1, 2, 4, 8, 7, 5 అని ఆరేసి గడులకొకసారి తిరిగివచ్చును. అరువదియైదవ గడి శేషము 7; ఒకటి తీయగా 6. పై సంఖ్యలోని అంకెల మొత్తము 87. ఎనిమిదియు ఏడును 15. ఒకటియు అయిదును 6. సరిపోయినది. అయితే రెండంకెలు తారుమారైనచో ఈ పరీక్ష పట్టజాలదు. లెక్క వ్రాయువాడు ఒక్క పరీక్షతో తృప్తి చెందరాదు.

పెద్దల మాటయు పరీక్షకు అతీతము కాదు. ఈ మహాసంఖ్య 4294967295, 4294967297 అను రెంటి గుణకారఫలము. వీనిలో రెండవది ప్రధానసంఖ్యయని, అనగా ఒకటియు తానును తప్ప వేరేదియు దానిని నిశ్శేషముగా భాగింపజాలదని, పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలరు దానిని 641 భాగించునని చూపెను. 641ని 6700417చే హెచ్చించి చూడుడు. ఆ సంఖ్యయే వచ్చును. అంతటి మహనీయుని మాట ఒక్క గుణకారముతో కూలినది.

ఇక గింజల సంగతి. వెయ్యి వడ్లగింజలు ఇరువదియైదు గ్రాములు తూగుననుకొన్నచో, బల్లలో మొదటి సగము సుమారు 107 టన్నులు మాత్రమే. సంపన్నుడైన భూస్వామి ఇయ్యగలిగినదే. బల్ల మొత్తమునకో 46,000 కోట్ల టన్నులు కావలెను. నేడు ప్రపంచమంతయు ఏటేట పండించు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అయిదువందలయేబది యేండ్ల పంటయు చాలదు.

రెట్టింపులోని మాయ ఇదియే. వడ్డీ అసలులో కలియుచు పెరుగు అప్పుకూడ సగము బల్లవరకు చిన్నదిగనే కానవచ్చును. పత్రముపై వేలిముద్ర వేయువానికి ఈ లెక్క తెలియదు, వేయించుకొనువానికి తెలియును. గ్రంథాలయపు బీరువాలోని గణితపుస్తకము ఆ ఇరువురి నడుమ నిలువవలసిన సాక్షి. దానిని తెరచి, తానే కూడి, తానే సరిచూచుకొను పాఠకుడు ఇంటికొక్కడు ఏర్పడినచో ఈ ఇరువదియైదేండ్ల కృషి ఫలించినట్లే.

స్వస్తి.